దారయ్య మోకాలు

ఆదివారం అందరూ భోజనాలకి కూర్చోబోతుండగా ఆ వార్త వచ్చింది.

అరిజోనాలోని చాండ్లర్‌లో డిసెంబరంటే ఎండలో కుర్చీలు వేసుకుని హాయిగా కూర్చునే కాలం. వినీత్ ఇంటి పెరట్లో బల్ల మీద గుత్తివంకాయ కూర, పప్పుచారు, వడియాలు సర్ది ఉన్నాయి. రెండు వీధుల అవతల ఉండే శ్రీధర్ కంచం చేతిలో పట్టుకునే ఫోన్ చూస్తున్నవాడు కాస్తా ఒక్కసారిగా, "అన్నా! పోయిండే!" అని అరిచాడు.

వినీత్ అత్తగారు కృష్ణవేణి చేతిలో గరిటె జారింది. "అయ్యో రామా! ఎవరు పోయారు నాయనా?"

"డారియో, ఆంటీ. పోర్ట్‌లాండ్ టీమ్‌ల చేరిండు. ఎనిమిదేండ్ల కాంట్రాక్ట్."

"నీ అసాధ్యం కూలా! మనిషే పోయాడేమో అనుకుని హడలిపోయాను కదయ్యా," అందావిడ గుండె మీద చెయ్యి వేసుకుని. కానీ ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. మెల్లిగా కుర్చీలో కూలబడి, "అయితే దారయ్య ఇంక మనకి ఆడడా?" అని అడిగింది.

దారయ్య అంటే డారియో వెలెస్. ఫీనిక్స్ కాపర్‌హెడ్స్ బేస్‌బాల్ జట్టుకి ప్రాణం లాంటివాడు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి, అటు వచ్చిన బంతిని గద్దలా తన్నుకుపోయేవాడు. సరిహద్దు ఊరు నొగాలెస్‌లో పుట్టి ఇక్కడే పెరిగిన పిల్లాడు కాబట్టి జనానికి సొంత మేనల్లుడంత ముద్దు. బేస్‌బాల్‌లో ఒక పద్ధతి ఉంది. కొన్నేళ్లు ఆడి ఒప్పందం తీరిన ఆటగాడు ఏ జట్టుతోనైనా బేరం కుదుర్చుకుని వెళ్లిపోవచ్చు. దాన్ని ఫ్రీ ఏజెన్సీ అంటారు. డారియోకి ఆ అవకాశం ఈ చలికాలమే వచ్చింది. వచ్చినా మనల్ని వదిలి వెళ్లడులే అని ఊరంతా ధీమాగా ఉంది.

ఆ ఊరందరిలోకీ ఎక్కువ ధీమా కృష్ణవేణిది. రేపల్లెలో ఉన్నన్నాళ్లూ ఆవిడ ఏ ఆటా చూసి ఎరగదు. మనవరాలు అవని పుట్టినప్పుడు సాయానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయి, పిల్ల పక్కన కూర్చుని టీవీలో ఈ ఆట నేర్చుకుంది. ఇప్పుడు అంపైరు తప్పు చెబితే రిమోట్ విసిరేసేంత పట్టు వచ్చింది. పదకొండేళ్ల అవని స్కూల్ సాఫ్ట్‌బాల్ జట్టులో డారియో నిలబడే చోటే నిలబడుతుంది, వాడు వేసుకునే నంబరే వేసుకుంటుంది. ఇక వినీత్ ఏకంగా ఆ జట్టు ఆఫీసులోనే ఉద్యోగి. ఆటగాళ్ల లెక్కలన్నీ విడదీసి, ఎవరు ఇంకెంతకాలం బాగా ఆడతారో అంచనా వేయడం అతని పని. చిప్ కంపెనీలో మంచి ఉద్యోగం వదిలి అందులో చేరినప్పుడు, "మా అల్లుడుగారిది బాట్ల ఆఫీసు," అని కృష్ణవేణి గుళ్లో అందరికీ చెప్పుకుంది.

"డబ్బు మనిషన్నా వాడు. లోకల్ అని నెత్తిన పెట్టుకుంటే తన్ని పోయిండు," అన్నాడు శ్రీధర్.

 అవని కంచం ముందుకు నెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. వినీత్ భార్య ప్రణీత దాని వెనకే వెళ్లింది.

కృష్ణవేణి అల్లుడి వైపు తిరిగింది. "మీ ఆఫీసులో ముందే ఏమీ అనుకోలేదా బాబూ? అతను మీతో అంత స్నేహంగా ఉండేవాడు కదా."

వినీత్ మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. నీళ్లు తాగాడు. "నాకేం తెలుస్తుంది అత్తయ్యగారూ. శ్రీధర్ అన్నట్టు, ఎవడెక్కువిస్తే వాడి దగ్గరికి పోయే రకం," అన్నాడు.

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందంటే అతనికే నమ్మబుద్ధి కాలేదు.

ఎందుకంటే డారియో ఎందుకు వెళ్లాడో ఆ పెరట్లో తెలిసినవాడు అతనొక్కడే.

ఆటగాళ్లు సాధారణంగా లెక్కల గది వైపు తొంగి చూడరు. డారియో అలా కాదు. కాఫీ కప్పుతో వచ్చి వినీత్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. తన బాట్ ఎక్కడ ఆలస్యమవుతోందో చూపించమనేవాడు. ఒకసారి కుటుంబాలని గ్రౌండ్‌కి పిలిచిన రోజున కృష్ణవేణి డబ్బా నిండా కజ్జికాయలు చేసి తీసుకెళ్లింది. డారియో ఒకటి కొరికి కళ్లు పెద్దవి చేసి, తన అమ్మమ్మ చేసే ఎంపనాడాలు అచ్చం ఇలాగే ఉండేవని, డబ్బా మొత్తం చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచే అతను దారయ్య అయ్యాడు. అవనికి బాట్ మీద వేళ్లు ఎలా అమర్చాలో నేర్పింది కూడా ఆ రోజే.

కిందటి ఆగస్టులో ఒక ఉదయం లిఫ్ట్ పాడైంది. వినీత్ మెట్లెక్కుతుంటే పైనుంచి డారియో దిగుతున్నాడు. రెయిలింగ్ రెండు చేతులా పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆన్చి దిగుతున్నాడు. వినీత్‌ని చూసి ఆగిపోయాడు.

"చూసేశావా?" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో ఎప్పుడూ ఉండే కాంతి లేదు. "కుడి మోకాలు. పొద్దున పూట మాత్రమే. ఒళ్లు వేడెక్కితే సర్దుకుంటుంది. డాక్టర్‌కి చెబితే పైవాళ్లకి తెలుస్తుంది, తర్వాత పేపర్లో వస్తుంది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. నీ దగ్గరే ఉంచు, బ్రదర్."

"ఎవరికీ చెప్పను," అన్నాడు వినీత్. అప్పుడు నిజంగా అనుకునే అన్నాడు.

నవంబరులో మీటింగ్ జరిగింది. డారియోకి ఎనిమిదేళ్ల ఒప్పందం ఇవ్వాలా వద్దా అన్నదే విషయం. జనరల్ మేనేజర్ గ్రెగ్ బల్ల చివర కూర్చున్నాడు. గది నిండా పెద్దవాళ్లు. లెక్కలు అటూ చెప్పాయి, ఇటూ చెప్పాయి. వినీత్ ఇలాంటి మీటింగుల్లో ఎప్పుడూ గోడవారనే కూర్చునేవాడు. నోరు తెరిస్తే ఎవరో ఒకరు మధ్యలో అందుకునేవారు. అతను చెప్పిన మాటే కాసేపాగి ఇంకొకరు చెబితే అందరూ తలలూపేవారు. ఆ రోజూ అదే జరిగింది. వాక్యం సగంలో ఉండగానే పక్కవాడు అందుకున్నాడు. వినీత్‌కి లోపల ఏదో భగ్గుమంది.

"అతను పొద్దున మెట్లు దిగలేడు," అన్నాడు గట్టిగా.

 గ్రెగ్ కలం కింద పెట్టి, "మళ్లీ చెప్పు," అన్నాడు. వినీత్ మళ్లీ చెప్పాడు. ఏ మోకాలో, ఎలా దిగుతాడో, ఏ పూట నొప్పో అన్నీ చెప్పాడు. మొదటిసారి ఆ గదిలో అందరూ తన వైపు తిరిగి, ఒక్కమాట పోకుండా విన్నారు. మీటింగ్ అయ్యాక గ్రెగ్ అతని భుజం తట్టాడు. ఆ సాయంత్రం వినీత్ కారులో పాటలు పెట్టుకుని, వేళ్లతో స్టీరింగ్ మీద తాళం వేసుకుంటూ ఇంటికి వచ్చాడు. తర్వాత రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా అతన్ని కాల్చింది ఆ తాళమే.

కాపర్‌హెడ్స్ డారియోకి మూడేళ్లు ఇస్తామంది. పోర్ట్‌లాండ్ ఎనిమిదేళ్లు ఇచ్చింది. డారియో వెళ్లాడు.

ఆ చలికాలమంతా ఊరు డారియోని తిట్టిపోసింది. మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో అతని జెర్సీతో కారు తుడుస్తున్న వీడియో పెట్టాడు శ్రీధర్. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. వినీత్ కూడా పెట్టాడు. పెట్టకపోతే ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని భయం. అవని తన జెర్సీని పారేయలేదు కానీ వేసుకోవడం మానేసింది. ఒకసారి కారులో వెళ్తూ, "నాన్నా, డారియోకి మనమంటే ఇష్టం లేదా?" అని అడిగింది. వినీత్ సిగ్నల్ వైపు చూస్తూ ఉండిపోయాడు. పచ్చదీపం వెలిగాక వెనక కారువాడు హారన్ కొట్టాల్సి వచ్చింది.

కృష్ణవేణి మాత్రం తిట్టలేదు. "మనిషి మొహం చూసి అడగాలి గానీ, వెనక మాటలెందుకు?" అనేది.

అలా అడిగే రోజు మార్చిలో వచ్చింది. వేసవి ఆటలు మొదలయ్యేముందు చాలా జట్లు సాధన కోసం అరిజోనాకే వస్తాయి. పోర్ట్‌లాండ్ జట్టు ఫీనిక్స్ పక్కనే ఉన్న పీయోరియాలో దిగింది. పొద్దున పూట సాధన చూడ్డానికి ఎవరైనా వెళ్లొచ్చు. శ్రీధర్ గోల చెయ్యడానికి పది మందిని పోగేశాడు. కృష్ణవేణి కజ్జికాయలు చేసింది. వినీత్ పని ఉందన్నాడు, తలనొప్పి అన్నాడు. "శనివారం ఏం పని బాబూ, అతను మీ స్నేహితుడే కదా," అని ఆవిడ కారెక్కి కూర్చుంది. అవని పక్కనే కూర్చుంది. ప్రణీతకి ఆ రోజు ఆఫీసులో పని పడి రాలేదు.

తీగల కంచె అవతల ఆటగాళ్లు ఒళ్లు విరుచుకుంటున్నారు. డారియో ఆకుపచ్చ చొక్కాలో వేరే మనిషిలా ఉన్నాడు. అతను కంచె వైపు వస్తుండగానే శ్రీధర్ మొదలుపెట్టాడు. "ట్రెయిటర్! ఎంతకి అమ్ముడువోయినవ్?" పక్కవాళ్లు బూ అంటూ అందుకున్నారు. ఎవరో తెల్లాయన, పెద్దవాడు, తన పాత కాపర్‌హెడ్స్ టోపీ తీసి అతని కాళ్ల దగ్గరికి విసిరాడు. డారియో వంగి ఆ టోపీ తీసి, దుమ్ము దులిపి, కంచె మీంచి ఆయనకే అందించాడు.

అప్పుడు కృష్ణవేణిని చూశాడు. మొహం విప్పారింది. "అమ్మా!" అన్నాడు.

ఆవిడ డబ్బా అందించి, అవని భుజం మీద చెయ్యి వేసింది. "అడగవే. మమ్మల్ని ఎందుకు వదిలేసి వెళ్లావయ్యా అని అడుగు."

అవని ఇంగ్లీషులో అడిగింది. 

 డారియో తల ఎత్తి, పిల్ల వెనక నిలబడ్డ వినీత్‌ని చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.  ఇప్పుడు చెప్పేస్తాడు, చెప్పేస్తేనే మంచిది అనుకున్నాడు వినీత్. డారియో మోకాళ్ల మీద కూర్చోబోయి, మధ్యలో ఆగి, నడుము వంచి అవని ఎత్తుకి వచ్చాడు.

"మా ఆవిడ వాళ్లది పోర్ట్‌లాండ్, అవనీ. వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదు. దగ్గరుండాలని వెళ్లాం. మీరంటే ఇష్టం లేక కాదు."

అవని కళ్లు తుడుచుకుంది. కృష్ణవేణికి అర్థమయ్యేలా చెప్పింది. "బంగారం లాంటి మనిషి," అందావిడ.

ఆవిడా అవనీ నీడలోకి కదిలాక డారియో కంచెకి దగ్గరగా వచ్చాడు. వినీత్ ఏదో అనబోయాడు. "డారియో, నేను... ఆ రోజు మీటింగ్‌లో..."

"నాకు తెలుసు," అన్నాడు డారియో మెల్లిగా. "గ్రెగ్ మా ఏజెంట్‌తో మోకాలి సంగతి ఎత్తగానే తెలిసింది. నేను చెప్పింది నీకొక్కడికే కదా."

అంతే అన్నాడు. అటు నుంచి ఎవరో కేక వేస్తే, కజ్జికాయల డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణంలో కృష్ణవేణి సంతోషంగా ఉంది. "చూశారా, అత్తగారి కోసం వెళ్లాడట. ఆ శ్రీధర్‌కి గడ్డి పెట్టాలి."

 వెనక సీట్లోంచి అవని, "అమ్మమ్మా, బట్ డారియో వైఫ్ టూసాన్ కదా," అంది.

"ఏమిటే?"

"షి ఈజ్ ఫ్రమ్ టూసాన్, హియర్ ఇన్ అరిజోనా. వాళ్ల మామ్ కూడా టూసాన్‌లోనే ఉంది. టీవీలో చూపించారు, నువ్వు కూడా చూసావు. తను అబద్ధం చెప్పాడు. నాన్నా, ఎందుకు అబద్ధం చెప్పాడు?"

అభిమానుల దగ్గర అబద్ధం ఆడటం కష్టం. వినీత్ కారుని పక్కకి తీసి, మూసేసి ఉన్న ఏదో ఫర్నిచర్ షాపు ముందు ఆపాడు. ఇంజన్ కట్టేశాడు.

"నా కోసం చెప్పాడమ్మా," అన్నాడు.

మొత్తం చెప్పాడు. మెట్ల మీద చూసింది, ఎవరికీ చెప్పనని మాటిచ్చింది, మీటింగ్‌లో చెప్పేసింది. పెరట్లో కూర్చుని అతన్ని డబ్బు మనిషన్నది కూడా వదల్లేదు. అద్దంలో అవని మొహం కనిపిస్తోంది. అతను అద్దం వైపు చూడలేకపోయాడు.

కృష్ణవేణి కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది. "చెప్పకపోతే మీ ఉద్యోగం పోయేదా బాబూ?" అని అడిగింది. ఆవిడ తనకోసం ఒక తలుపు తెరిచి పట్టుకుందని వినీత్‌కి అర్థమైంది. అవునంటే చాలు.

"లేదు అత్తయ్యగారూ."

"మరి?"

"అందరూ నా వైపు చూశారు," అన్నాడు వినీత్. "ఆ ఒక్కసారి అందరూ నేను చెప్పేది విన్నారు."

 వినీత్ కారుని మళ్లీ రోడ్డెక్కించాడు. తర్వాత చాలా రోజులు ఆవిడ అతనితో నేరుగా మాట్లాడటం మానేసింది. "మీ ఆయన్ని భోజనానికి రమ్మను," అని ప్రణీతతో అనేది. ప్రణీత అంతా విని, "నాకైనా చెప్పాల్సింది," అంది. అంతకుమించి దెప్పలేదు. అది దెప్పడం కంటే బరువుగా ఉంది.

జూన్‌లో డారియో మోకాలి లిగమెంట్ తెగిపోయింది. రెండో బేస్ వైపు పరుగెత్తుతూ, ఎవరూ తాకకుండానే నేల మీద పడ్డాడు. ఆఫీసులో టీవీ చుట్టూ చేరినవాళ్లంతా అయ్యో అన్నారు, వెంటనే వినీత్ వైపు తిరిగారు. గ్రెగ్ వచ్చి భుజం తట్టాడు. "నువ్వు లేకపోతే ఎనిమిదేళ్లు ఈ గుదిబండని మనం మోసేవాళ్లం," అన్నాడు. వినీత్ బాత్‌రూమ్‌లోకి వెళ్లి మొహం కడుక్కుని, చాలాసేపు బయటికి రాలేదు.

శ్రీధర్ ఫోన్ చేశాడు. "బతికిపోయినం అన్నా! వాడు పోవుడే మంచిగైంది."

"శ్రీధర్, మోకాలి సంగతి మావాళ్లకి చెప్పింది నేనే. వాడు నన్ను నమ్మి చెప్పుకున్నాడు. నేనే బయటపెట్టా. వాడు డబ్బు కోసం పోలేదు, మేమే వద్దనుకున్నాం."

 శ్రీధర్, "మస్తు పని చేసినవ్ కదా అన్నా! టీమ్‌ని కాపాడినవ్!" అని మెచ్చుకున్నాడు. గ్రూపులో కూడా పెడతానన్నాడు. వద్దని బతిమాలితే, "నీకెందుకే సిగ్గు," అని నవ్వాడు. ఒక్కడైనా ఛీ అంటే బాగుండునని వినీత్‌కి అనిపించింది. డారియోకి మెసేజ్ పంపాడు. ఆపరేషన్ బాగా జరగాలని, తనని క్షమించమని. చూసినట్టు నీలి టిక్కులు వచ్చాయి. జవాబు రాలేదు.

ఆ తర్వాత ఇంకో మీటింగ్‌లో బంతి విసిరే ఒక కుర్ర పిచ్చర్ గురించి మాట వచ్చింది. "వాడు నీతో లంచ్ చేస్తాడుగా, లోపల విషయం ఏంటి?" అని గ్రెగ్ అందరి ముందూ అడిగాడు. "లెక్కలు ఏం చెబుతున్నాయో అడగండి, చెబుతా. వాడు నాతో అన్నవి వాడివి," అన్నాడు వినీత్. గ్రెగ్ నవ్వేసి ఊరుకున్నాడు. ఆ తర్వాతి మీటింగులకి పిలుపు తగ్గింది. దానికి అతను పెద్దగా బాధపడలేదు. చేసినదానికి అది చెల్లు కాదని కూడా తెలుసు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో మాటలు వినిపించాయి.

"ఇక్కడేనా?" అంటోంది కృష్ణవేణి.

"ఆ, ఎల్బో. బాల్ త్రో చేస్తే నొప్పి. అమ్మమ్మా, నాన్నకి చెప్పకు."

"ఎందుకే?"

"నాన్న కోచ్‌కి చెప్పేస్తాడు."

వినీత్ చెప్పులు విప్పుతూ అలాగే ఉండిపోయాడు. ఎవరు ఎన్ని తిట్టినా ఇంత లోతుకి దిగేది కాదు. వెనక్కి వెళ్లిపోదామనుకున్నాడు. కృష్ణవేణి అతన్ని చూసేసింది. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి నేరుగా అతనితోనే, "ఫ్రీజర్‌లో ఐసు ఉంది, తీసుకురండి బాబూ," అంది.

ఐసుని తువ్వాలులో చుట్టి తెచ్చాడు. అవని చెయ్యి వెనక్కి లాక్కుంది. అతను దాన్ని బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు.  కాసేపటికి అవని తనే ఐసు తీసుకుని మోచేతికి అద్దుకుంది.

"విన్నావా?" అంది.

"విన్నాను."

"కోచ్‌కి చెప్తావా?"

"నేను చెప్పను. నీ చెయ్యి, నువ్వే చెప్పాలి. రమ్మంటే పక్కన నిలబడతా, అంతే."

అవని చాలాసేపు అతని మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో అతనికి తెలియలేదు. "డాక్టర్‌కి మాత్రం ముందు చూపిద్దాం," అన్నాడు.

"రేపా?"

"నువ్వు ఎప్పుడంటే అప్పుడు."

"ఆలోచిస్తా," అని అవని తువ్వాలు సర్దుకుంది. కృష్ణవేణి పొయ్యి వెలిగించి, అడగకుండానే అతనికి కాఫీ పెట్టసాగింది.